పదమూడు పళ్ళ దాకా: తార్నాకలో ముందు స్ప్రాకెట్ మార్పించిన రోజు

ఈ బ్లాగులో ఇన్నాళ్ళూ మోటారు సైకిల్ సంగతులు మా ఆయన గిరి రాసేవాడు. దారులు, తిండి, బస నేను రాసేదాన్ని. ఈసారి రెండూ నేనే రాస్తున్నాను. తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే బండి ఉన్నవాళ్ళు చాలామంది, ఘాట్ ఎక్కాలంటే ముందు స్ప్రాకెట్‌కు (ఇంజన్ దగ్గర చైనును తిప్పే పళ్ళ చక్రానికి) ఎన్ని పళ్ళుంటే మంచిదని అడుగుతూ వచ్చారు. మేం హిమాలయాల్లో స్పితి లోయకు పోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నామని మీకు తెలుసు. ఆ లెక్కలన్నీ గిరి ఒక నోటుపుస్తకంలో వేసి పెట్టుకున్నాడు. ఈ వేసవిలో బయలుదేరాల్సింది. ఇక వెళ్ళం. డిసెంబరులో ఒక డాక్టరుగారు గిరి ఎడమ చేతిని, తర్వాత కుడి చేతిని, కాళ్ళను పరీక్షించి, కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయనీ, దీన్ని నయం చేసే మందు లేదనీ చెప్పారు. గిరికి ముప్పై తొమ్మిదేళ్ళు. విద్యానగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో భూగోళం చెబుతాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నన్ను అడిగింది ఒక్కటే. స్పితి వద్దు, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల దాకా చాలు, ఒక్కసారి తను నడపాలి, నేను వెనక కూర్చోవాలి.

క్లచ్ ఎడమ చేతిలో ఉంటుంది. రాళ్ళున్న ఎత్తు మీద బండి మెల్లగా పోవాలంటే క్లచ్‌ను సగం నొక్కి అలాగే పట్టుకుని ఉండాలి. గిరికి అసాధ్యమైపోయింది అదే. మా బండికి కంపెనీ ఇచ్చింది ముందు పదిహేను పళ్ళు, వెనక నలభై. ముందు పళ్ళు తగ్గిస్తే గరిష్ఠ వేగం తగ్గుతుంది కానీ మొదటి గేరులో బండి మనిషి నడకంత మెల్లగా, ఆగిపోకుండా, క్లచ్ అవసరం లేకుండా పోతుంది. చేతిలో తగ్గిన బలాన్ని పళ్ళతో భర్తీ చేయొచ్చని గిరి అనుకున్నాడు. నేనూ నమ్మాను. నమ్మడానికి అప్పుడు ఇంకేమీ లేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు రామంతాపూర్‌లో మా ఇంటి నుంచి బయలుదేరాం. హబ్సిగూడ మీదుగా తార్నాకకు ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు. మామూలుగా పావుగంట పడుతుంది, ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. వెనక కూర్చున్న నాకు గిరి ఎడమ భుజం కనబడుతూనే ఉంది. వేళ్ళతో నొక్కాల్సిన క్లచ్‌ను మోచేయీ భుజమూ కలిపి వెనక్కి లాగుతున్నాడు. హబ్సిగూడ సిగ్నల్ ఇంకా దూరంగా ఉండగానే న్యూట్రల్‌కు తెచ్చేసి, బండిని ఊరికే దొర్లనిచ్చాడు. పచ్చ దీపం పడ్డాక మళ్ళీ గేరు వేయడం ఆలస్యమైంది. వెనక హారన్లు మోగాయి. నేను వెనక్కి తిరిగి వాళ్ళకు చేతులు జోడించాను. గిరి అద్దంలో అది చూశాడు.

తార్నాకలో మెకానిక్ షాపులు ఎనిమిదిన్నర దాటితే గానీ తెరవరు. అప్పటిదాకా లక్ష్మక్క బండి దగ్గర తిన్నాం. మేం ఎం.ఏ. చదివే రోజుల నుంచి ఆమె ఆ సందు మొదట్లోనే ఇడ్లీ బండి పెడుతోంది. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలవుతుంది, అల్లం చట్నీ మాత్రం వదలకండి. గిరి ప్లేటును ఎడమ చేత్తో పట్టుకోకుండా మా బండి సీటు మీద పెట్టుకుని తినడం ఆమె చూసింది. ఆమె అడగగానే గిరి దాచకుండా చెప్పేశాడు. బయటివాళ్ళకు అతను చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

"నరాల బీమారి అక్కా. తగ్గదట."

"మరి డాక్టర్లు ఏమన్నరు?"

"నడిపినన్ని దినాలు బండి నడుపుమన్నరు."

డాక్టరుగారు అలా అనలేదు. ఇక బండి నడపవద్దనే అన్నారు. నేను తల వంచుకుని తింటూ ఉండిపోయాను. లక్ష్మక్క అతని ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. ఆమెకు అర్థమైందనుకుంటాను.

మల్లేశన్న షాపు మాణికేశ్వర్ నగర్ వైపు వెళ్ళే సందులో ఉంది. మా బండి కొన్నప్పటి నుంచి చూస్తున్నది అతనే. సంక్రాంతి ముందే నేను ఫోనులో విషయం చెప్పి, పద్నాలుగు, పదమూడు పళ్ళవి రెండూ తెప్పించి పెట్టమన్నాను. మీరూ అలాగే చెయ్యండి, ఇవి చెప్పగానే దొరికే సామాను కాదు. అతను గిరిని స్టూలు మీద కూర్చోబెట్టి లెక్క వివరించాడు. ముందు ఒక పన్ను తగ్గిస్తే వెనక దాదాపు మూడు పళ్ళు పెంచినట్టే. వెనకది పెంచితే చైను కూడా పొడవుది కావాలి, ఖర్చెక్కువ. ముందుదైతే పనితో కలిపి ఆరు వందల్లో అయిపోతుంది. గంటకు ఎనభైలో హాయిగా పోయే బండి పద్నాలుగు పళ్ళతో డెబ్బై అయిదు దగ్గర, పదమూడుతో డెబ్బై దగ్గరే, ఎనభైలో చేసినంత ఇంజన్ మోత చేస్తుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు అది నరకం. ఇవన్నీ గిరికి తెలిసినవే. తెలియనట్టు విన్నాడు. ఆఖరున మల్లేశన్న ఒక మాట అడిగాడు.

"సార్, ఒకటి చెప్పండి. పళ్ళు తగ్గిస్తే క్లచ్ సగం పట్టుకోని ఉండుడు తగ్గుతది. కానీ గేర్లు జల్ది జల్ది మార్చాల్సొస్తది. మీ చెయ్యికి ఏది కష్టం, పట్టుకోని ఉండుడా, మాటిమాటికి గుంజుడా?"

గిరి చాలాసేపు తన చెయ్యిని చూసుకున్నాడు. "పట్టుకోని ఉండుడే" అన్నాడు. రెండూ కష్టమేనని నాకు తెలుసు, మల్లేశన్నకూ తెలుసు. పద్నాలుగు బిగించాడు. వదులైన చైనును వెనక చక్రం జరిపి సరిచేశాడు. నలభై నిమిషాల పని.

పది గంటలకు తార్నాక వైపు గేటులోంచి మేం చదువుకున్న యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్ళాం. శనివారం కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయి. పెద్ద చెట్ల కింద సాఫు రోడ్డు మీద బండి బాగానే పోయింది. కానీ సాఫు రోడ్డు మీద పరీక్ష పరీక్ష కాదు. హాస్టళ్ళ వెనక బండరాళ్ళ మధ్య, సీతాఫలం పొదల పక్కనుంచి ఎక్కే ఒక మట్టిదారి ఉంది. రెండు వందల అడుగులుంటుంది. అనంతగిరిలో మేం పోవాలనుకున్న దారి దాదాపు అలాగే ఉంటుంది. నేను దిగి కింద నిలబడ్డాను. గిరి సగం దూరం ఎక్కాడు. రాళ్ళ దగ్గర వేగం తగ్గించగానే ఇంజన్ వణికి ఆగిపోయింది. క్లచ్ పట్టి మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆగింది. మూడోసారి వేళ్ళు లీవరు చుట్టూ ముడుచుకోలేదు. నేను పైకెళ్ళి అతని వేళ్ళ మీద నా వేళ్ళు వేసి క్లచ్ నొక్కాను. అలా ఇద్దరం ఒకే లీవరు పట్టుకుని బండిని మెల్లగా వెనక్కి దింపాం.

మళ్ళీ షాపుకు వెళ్ళాం. పదమూడు పళ్ళది వేయడం మల్లేశన్నకు ఇష్టం లేదు. అంత చిన్న చక్రం మీద చైను మరీ వంగి తిరుగుతుందనీ, వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యికి రాసుకుంటుందనీ, చైను తొందరగా అరిగిపోతుందనీ చెప్పాడు. ఎన్ని కిలోమీటర్లు వస్తుందని గిరి అడిగాడు. ఆరేడు వేలు రావచ్చన్నాడు. "చాలు. గంత దూరం నేను పోను" అన్నాడు గిరి. మల్లేశన్న తల ఎత్తకుండా బోల్టు బిగించాడు.

ఒంటి గంటకు మళ్ళీ అదే దారి. ఈసారి ఎక్కాడు. నిజంగా ఎక్కాడు. మొదటి గేరులో, క్లచ్ మీద చెయ్యి వేయకుండా, బండి ఎద్దులా ఒక్కో రాయినీ చూసుకుంటూ పోయింది. మధ్యలో గిరి ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాడు, వెనకటి రోజుల్లో నిలబడేటట్టే. కింద నుంచి నేను అతని వీపు మాత్రమే చూశాను. ఆ వీపు సంతోషంగా ఉంది. ఆ అర నిమిషంలో నేను అనంతగిరికి ఏ రోజు వెళ్ళాలో, ఎన్నింటికి లేవాలో, ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళాలా వద్దా అన్నది కూడా ఆలోచించేశాను.

దారి పైన ఒక ప్రహరీ గోడ దగ్గర ముగుస్తుంది. అక్కడ ఆపాలి. ఆపాలంటే క్లచ్ పట్టాలి. గిరి చెయ్యి లీవరు మీద పడింది, జారింది. బండి గోడ వైపు తోసుకుంటూనే పోయింది. అతను బ్రేకు పట్టాడు, ఇంజన్ ఒక్క కుదుపుతో ఆగింది, బండి ఎడమ పక్కకు ఒరిగింది. ఆ బరువును ఎడమ చెయ్యి ఆపలేకపోయింది. నేను పరిగెత్తేసరికి గిరి కాలు బండి కింద ఉంది. హాస్టల్ వాచ్‌మన్ ఒకాయన, మా నాన్న వయసు వాడు, కర్ర పారేసి వచ్చాడు. ఇద్దరం కలిసి బండి లేపాం. మోకాలు గీసుకుపోయింది, అంతకుమించి దెబ్బ లేదు. వాచ్‌మన్ లేపబోతే గిరి వద్దన్నాడు, కాసేపు అక్కడే కూర్చుంటానన్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఎక్కుడు అయింది సుజా. ఆపుడే అయితలేదు" అన్నాడు. మోకాలి మీది మట్టి దులుపుకుంటూ, "ఆపరానోడు నిన్ను ఎనక కూసోబెట్టుకోని యాడికి తీస్కపోతడు?" అన్నాడు.

నేనే నడుపుదామా అనుకున్నాను. నాకు స్కూటరు వచ్చు కానీ ఆ బండి మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. వాచ్‌మన్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని బండిని గేటు దాకా తోశాం. గిరి వెనక నడిచాడు. ఆ ఎండలో గంట పట్టింది.

షాపులో గిరి మొదట పన్నెండు పళ్ళది ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాడు మల్లేశన్న. వెనకది పెంచితే? పెంచొచ్చు గానీ గేర్లు మార్చడం ఇంకా పెరుగుతుందనీ, ఆగేటప్పుడు క్లచ్ ఎలాగూ పట్టాలనీ చెప్పాడు. "పళ్ళతోని అయ్యేది అయిపోయింది సార్" అన్నాడు. అప్పుడు గిరి మళ్ళీ పదిహేను పళ్ళదే బిగించమన్నాడు. బండి కొనేవాళ్ళను చూడమన్నాడు. "కొనేటోళ్ళు దూరం పోతరు గదా" అన్నాడు.

మల్లేశన్న పాత స్ప్రాకెట్ చేతిలో పట్టుకుని బిగించకుండా కూర్చున్నాడు. తర్వాత గిరి వైపు కాకుండా నా వైపు చూసి చెప్పాడు.

"అక్కా, పోయిన ఎండకాలం సార్ క్లచ్ గట్టిగైతున్నదంటే నేను కేబుల్ రెండుసార్లు మార్చిన. ప్లేట్లు మార్చిన. నా చేతికి ఫస్ట్ నుంచే అల్కగనే ఉండె, బరువే లేకుండె. సార్ మాట ఎట్ల కాదనాలె అని చెప్పలే."

గిరి అతని భుజం మీద కుడి చెయ్యి వేశాడు. "నువ్వేం జేస్తవ్ మల్లేశన్నా. నేను గూడ బండినే తిట్టుకున్న" అన్నాడు.

బండిని అక్కడే వదిలేసి అయిదు గంటలకు ఆటో ఎక్కాం. రామంతాపూర్‌కు నూట యాభై తీసుకున్నాడు. ఇంటికొచ్చాక గిరి మోకాలికి మందు రాస్తుంటే లెక్క వేసుకున్నాను. కేబుళ్ళు, లీవర్లు, ప్లేట్లు మారుస్తూ మేం గడిపింది నాలుగు నెలలు. అప్పుడే డాక్టరు దగ్గరకు వెళ్ళినా జబ్బు నయమయ్యేది కాదు, ఆ మాట డాక్టరుగారే చెప్పారు. కానీ పోయిన వేసవిలో గిరి చెయ్యి ఇంకా పనిచేస్తూ ఉండేది. తెలిసి ఉంటే ఆ నాలుగు నెలల్లో ఏదో ఒక రోజు సెలవు పెట్టి స్పితికి వెళ్ళిపోయేవాళ్ళం. వచ్చే ఏడాది వెళ్దాం, ముందు క్లచ్ బాగు చేయిద్దాం అని అన్నది నేనే. ఈ మాట గిరి నాతో ఇంతవరకు అనలేదు. అనడు కూడా. నాకు నిద్ర పట్టనిది అందుకే.

స్ప్రాకెట్ గురించి అడిగినవాళ్ళకు: బరువుతో ఘాట్ ఎక్కేవాళ్ళు ముందు ఒక్క పన్ను తగ్గించి చూడండి, సాఫు రోడ్డు మీద కాకుండా రాళ్ళ ఎత్తు మీద చూడండి. దానికంటే ముందు ఒక పని చెయ్యండి. క్లచ్ ఈ మధ్య బరువైందనిపిస్తే అదే లీవరును ఇంకొకరి చేత నొక్కించండి. వాళ్ళ చేతికి తేలిగ్గా ఉందంటే బండిని షాపుకు తీసుకెళ్ళకండి. మీరే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.