టిక్కీలో దాచిన యాంటీబాడీ

ఆ రోజుల్లో నాకు చల్లదనం అంటే కోల్డ్ స్టోరేజీయే. మిరప పండించే ఇంట్లో పుట్టినవాడికి దాని మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. ఆ నమ్మకంతో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో కొత్తగా చేరాను. అక్క (మా సీనియరు, అందరికీ అక్కే) ఐదేళ్ళుగా ఒకే పరిశోధన మీద ఉంది. కణానికి వేడి తగిలితే లోపల చిన్న చిన్న గుళికలు కడతాయట, స్ట్రెస్ గ్రాన్యూల్స్. వాటిలోని ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే యాంటీబాడీ వేస్తే, మైక్రోస్కోపు కింద ఆ గుళికలు పచ్చగా మెరుస్తాయి. ఆ ఒక్క ఫోటో వస్తే థీసిస్ పూర్తి. ఆర్నెల్లు ఎదురుచూశాక విదేశం నుంచి ఆ యాంటీబాడీ చిటికెన వేలంత సీసాలో వచ్చింది. అక్క ఫెలోషిప్ ఆ నెలతో ఆఖరు. "రెండు రోజులు ఊరెళ్ళొస్తా. ఇది గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. నీదే పూచీ రా" అని అప్పగించి వెళ్ళింది.

ఆమె బస్సెక్కిన గంటకే కాలేజీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మే నెల, ల్యాబులో ఫ్రిజ్ ఆగిపోయింది. సీసాని ఐసుముక్కల మధ్య పెట్టుకుని, మా మిరపకాయలున్న కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తాను. అక్కడి సూపర్‌వైజరు, నాన్న స్నేహితుడు, నేను మామా అని పిలిచే సాయిబు, "లాట్ నంబరు లేంది లోపలికి పోదు అల్లుడూ" అన్నాడు. అయితేనేం, లాట్ నంబరున్న మా టిక్కీ ఒకటి (మిరప బస్తాని మేమలాగే అంటాం) విప్పి, నడిమధ్యన సీసా పెట్టి, మళ్ళీ కుట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నాన్నకి ఓ మాట చెప్పాలన్న తెలివి మాత్రం పుట్టలేదు.

మూడో రోజు అక్కని వెంటబెట్టుకుని వెళ్తే మామ తాపీగా, "నిన్న పొద్దున్నే మీ నాయన సరుకు మిర్చి యార్డుకి తోలించాడుగా" అన్నాడు.

యార్డులో మిట్టమధ్యాహ్నం. మా టిక్కీలు విప్పి కాయలు ఎండలో రాశి పోశారు. "ఏరా, ఏం పోయింది?" అని నాన్న అడుగుతుండగానే నేను కాయలు కెలకడం మొదలుపెట్టాను. అక్క కూడా చున్నీ ముక్కుకి చుట్టుకుని రాశి ముందు కూర్చుంది. ఇద్దరం తుమ్ముతూ, మండే చేతులతో వెతికాం. సీసా దొరికింది. అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా వెచ్చగా ఉంది.

అయినా అక్క ప్రయోగం చేసింది. మైక్రోస్కోపులో చీకటి తప్ప ఏమీ లేదు. అక్క తల ఎత్తి కళ్ళు తుడుచుకుంటూ, "కారం ఇంకా పోలేదురా" అంది. యార్డుకి వెళ్ళొచ్చి అప్పటికి మూడు రోజులైంది. ఇంకో సీసా తెప్పించే వ్యవధి లేదు. జూన్‌లో అక్క థీసిస్ వదిలేసి అద్దంకిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కొన్నేళ్ళకి వేరే ల్యాబులో, అదే యాంటీబాడీతో, ఆ గుళికలు నా కంటబడ్డాయి. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు. ఫోటో ప్రింటు తీయించి అక్కకి పంపాను. క్షమించమని రాయాలనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. పది రోజులకి పోస్టుకార్డు వచ్చింది: "చాలా బాగుందిరా. క్లాసులో గోడకి అంటించా. కళ్ళు మండాయి గానీ ఈసారి తుమ్ములు రాలేదు."

ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. టిక్కీ కుట్టేసి దర్జాగా ఈలవేసుకుంటూ బయటికొచ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని అప్పుడప్పుడూ నవ్వుకుంటాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.