తెగిన జరీ పోగు, కర్నల్ గొంతు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా వీధి ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మూగబోయేది. పొద్దుటి నుంచీ టకటకలాడుతున్న మగ్గాలన్నీ ఆగిపోయేవి. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందేమో అనుకునేరు... చుట్టుపక్కల వీధులన్నిటికీ ఒక్కటే రేడియో, మా ఇంట్లో... అందులో గూఢచారి నాటకం మొదలయ్యే వేళ అది.

వారం వారం వచ్చే నాటకం. దేశ రహస్యాలు ఎవరో శత్రువులకు చేరవేస్తున్నారు. ఆ ద్రోహిని పట్టుకోవడానికి ప్రభాకర్ అనే గూఢచారి, చంద్రిక అనే గూఢచారిణి, వాళ్లిద్దరికీ పై అధికారి ఒక కర్నల్. ప్రభాకర్ మాట్లాడితే మా అక్కలు కండెలు చుట్టడం మరిచిపోయేవాళ్లు. చంద్రిక నవ్వితే మగవాళ్లు ఊరికే గొంతు సవరించుకునేవాళ్లు. ఇక కర్నల్... నిండు బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతుకు పిల్లలం ఊపిరి బిగబట్టేవాళ్లం.

ఆ నటుల ముఖాలు మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. అయితేనేం, చీరలు నేసేవాళ్లం కదా... ముందు బట్టలు పెట్టేశాం. చంద్రికకు చిలకపచ్చ చీర, వంకాయ రంగు అంచు అని మా నాయన తేల్చేశాడు. రహస్యంగా తిరిగే మనిషికి అంత మెరుపు పనికిరాదు, బుటాలు లేని ముదురు నీలం కట్టించాలని ఎదురింటివాళ్లు. ఈ గొడవ మళ్లీ ఆదివారం దాకా నడిచేది.

మా అవ్వకు ఈ రంగులు పట్టేవి కావు. ఏళ్ల తరబడి తెగిన పట్టుపోగులు అతికీ అతికీ ఆమె చూపు దాదాపు పోయింది. మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపట్టేది. "ఏమప్పా, జొరమొచ్చినట్లుండాదే" అని వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ అడిగేది. వాళ్లకు నిజంగానే ఒళ్లు కాలుతూ ఉండేది. అలాంటి అవ్వకు కర్నల్ గొంతంటే ప్రాణం.

చిక్కేమిటంటే, కథ ముగింపుకు వచ్చేకొద్దీ అనుమానమంతా ఆ కర్నల్ మీదికే పోయింది. ఆయనే ద్రోహి అని వీధి వీధంతా తీర్మానించేసింది. అవ్వ ఒక్కతే ఒక పక్క.

"ఆయప్ప కాదు" అంది ఒకరోజు, మేమంతా నవ్వుతుంటే. "కండ్లు ఎప్పుడో పాయె. నాకుండేది ఈ చెవులే. గొంతు గూడా మోసం చేస్తే ఇంగ నేను ఎవుర్ని నమ్మల్ల?"

ఆ రోజు నుంచి నాకు దేశం సంగతి కన్నా మా అవ్వ మాట నెగ్గడమే ముఖ్యమైపోయింది.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. గరగర లేకుండా వినాలని మా నాయనకు బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. మిద్దె మీద ఏరియల్‌కు రాగితీగ ఎందుకు, ఇంట్లో జరీ ఉండగా... వెండి చుట్టిన పోగు కదా, మాటల్ని ఇంకా బాగా లాగుతుందని ఆయన నమ్మకం. రాగితీగ విప్పేసి, మిగిలిపోయిన జరీ ముక్కలన్నీ ముడులేసి, పురిపెట్టి, మిద్దె ఈ కొస నుంచి ఆ కొసకు కట్టాడు. ఎండకు అది ధగధగలాడింది. మా మిద్దెకు పెళ్లికళ వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. రేడియో కూడా బాగానే పలికింది.

చివరి ఘట్టం... పిస్తోలు చప్పుడు... చంద్రిక కేక... ద్రోహి ఎవరని ప్రభాకర్ నిలదీశాడు. కర్నల్ నిదానంగా "ద్రోహి ఎవరంటే..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆషాఢం గాలి ఒక్క విసురు విసిరింది. పైన జరీ పుటుక్కుమంది. రేడియోలో బుస్సుమనే మోత తప్ప ఇంకేం లేదు. నాయన మిద్దె మీదికి పరుగెత్తి, తెగిన కొస చేత్తో ఎత్తి పట్టుకుని, "ఇప్పుడు ఇనపడ్తాందా?" అని అరిచాడు. ముడివేసి దిగేసరికి వార్తలు వస్తున్నాయి. ఆ సాయంత్రం మా నాయనకు పడిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు పొద్దున్నే అవ్వ నన్ను తట్టి లేపింది. "పాపా, లెయ్యి. హిందూపురం పోదాం. మీ అత్తోళ్లింట్లో రేడియో ఉండాది."

"నాటకం కోసరం రైలెక్కుతావామ్మా?" అన్నాడు నాయన.

"నువ్వు జరీ కట్టకుంటే నాకీ పనే ల్యాకపోయె" అంది అవ్వ.

రైల్లో పెనుకొండ దగ్గర ఎక్కిన ఒకాయన మా మాటలు విని తనే అందుకున్నాడు. "మేమూ ఇంటిమి కదమ్మా. ఆ కర్నలే. నేనే అని వాని నోటితోనే చెప్పె. మాకు కడుపు మండి ఆడికాడికే రేడియో ఆపేస్తిమి."

అవ్వ తన కళ్లకు కనిపించని కొండవైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, దిగి ఇంటికి పోదామన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ మాట ఎట్ల చెప్పినాడో అడగల్ల" అంది.

హిందూపురంలో అత్త కాళ్లకు నీళ్లు తెచ్చేలోపే అవ్వ గుమ్మంలోనే అడిగేసింది. "కర్నలు నేనే అన్యాడంట కదా. యా గొంతుతో అన్యాడు?"

అత్త కాసేపు గుర్తు చేసుకుంది. "నెమ్మదిగా అన్యాడమ్మా... లోపల నవ్వుకుంటాండేట్లు."

అవ్వ ముఖం విప్పారింది. "అట్లయితే అబద్ధం చెప్పినాడు."

అత్త చెంబు కింద పెట్టి మిగతా కథ చెప్పింది. నిజమే... శత్రువులు చాటుగా వింటున్నారని తెలిసి కర్నల్ నేరం తన మీద వేసుకున్నాడట. వాళ్లు నమ్మి దగ్గరికి రాగానే అసలు ద్రోహిని పట్టించాడట. నేను అత్త నడవాలో ఎగిరి గంతులేశాను. అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుని, "కాఫీ పెట్టు" అంది. తిరుగు రైల్లో మాత్రం, ఎవరూ అడక్కపోయినా, పెట్టెలో అందరికీ కర్నల్ గొంతుతోనే కథ చెప్పుకుంటూ వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో గోడకు పెద్ద టీవీ. గూఢచారుల సీరియళ్లకు కొదవ లేదు... అందగాళ్లు, అందగత్తెలు, అందరి ముఖాలూ దగ్గరగా కనిపిస్తాయి. అబద్ధమెందుకు, నేనూ వదలకుండా చూస్తాను. అనుమానం ఒకరి మీదికి పోయే ఘట్టం వస్తే మాత్రం కళ్లు మూసుకుంటాను.

"అవ్వా, నిద్రపోతాండావా?" అని మొన్న మా మనవరాలు అడిగింది.

లేదు పాపా, వింటున్నా అన్నాను.

ముగింపు కోసం ఇప్పుడు ఎవరూ రైలెక్కనక్కర్లేదు... కానీ గొంతు విని మనిషిని నమ్మేవాళ్లు మీ ఇంట్లోనూ ఉండేవారా? ఉంటే ఆ మాటలు కింద రాయండి... మా మనవరాలితో పైకి చదివించుకుని, కళ్లు మూసుకుని వింటాను.