కొట్టేటప్పుడు ఏమన్నారు?

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా ఇంటికి దగ్గర్లోని ఒక లాయర్ ఆఫీసులో, తెలుగువాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ మాటలు ఇంగ్లీషులో చెప్పిపెడుతుంటాను. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాక ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక అబ్బాయిని అక్కడే చూశాను. ఓట్ల రోజు ప్రతిపక్షం తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నందుకు వాళ్ళ ఊళ్ళో అవతలి పార్టీవాళ్ళు చెయ్యి విరగ్గొట్టారు. మళ్ళీ దొరికితే చంపుతారని ఇక్కడికొచ్చి ఆశ్రయం అడిగాడు. కోర్టు ఇవ్వనంది. దెబ్బలు నిజమేగానీ రాజకీయ కారణం రుజువు కాలేదు, పొలం గట్టు తగాదా కూడా కావచ్చు అన్నారట. ఇప్పుడు అప్పీలు. అదీ పోతే విమానం ఎక్కించి వెనక్కి పంపేస్తారు.

లాయరమ్మ చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. "ఎవరు కొట్టారో తెలిసింది. ఎందుకు కొట్టారన్నదే కావాలి. కొట్టేటప్పుడు ఏమన్నారు?" అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఏవో తిట్టారు ఆంటీ."

"ఏమని?"

"మామూలు తిట్లే ఆంటీ. వదిలేయండి."

కోర్టులోనూ ఇదే చెప్పాడట. నాకు ఒళ్ళు మండింది. "ప్రాణం మీదికొస్తే వదిలేయడమేంటి? హాస్పిటల్లో నేను వినని బూతుందా? చెప్పు" అన్నాను.

కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. నా మొహం కనబడకుండా కూర్చుని మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. వాళ్ళమ్మను అన్న మాటలు ఇక్కడ రాయను. అసలు సంగతి వాటి మధ్యలోనే ఉంది. మా ఊళ్ళో ఆ పార్టీకి ఏజెంటుగా కూర్చునే ధైర్యం నీకెక్కడిదిరా, మళ్ళీ ఆ జెండా పడితే చేతులుండవు అన్నారట. బూతులు చెప్పలేక మొత్తం మింగేశాడు ఈ మహానుభావుడు.

నా నోట ఎన్నడూ రాని మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాను. లాయరమ్మ టైప్ చేయడం ఆపి, "జడ్జి ముందు ఎందుకు చెప్పలేదు?" అంది.

"జడ్జిగారు ఆడమనిషి. అక్కడ ట్రాన్స్‌లేట్ చేసిన ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. వాళ్ళ ముందు ఎలా అంటాం ఆంటీ?"

లాయరమ్మ ఆ జవాబు కూడా వాంగ్మూలంలో చేర్చి, కేసు మళ్ళీ వినమంటూ అప్పీలుతో పాటు పంపింది. అతన్ని తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో నాకు తెలియలేదు. ఇంటికెళ్ళి వంట చేసుకున్నాను.

చాలా నెలల తర్వాత ఫోన్ చేశాడు. అప్పీల్లో కేసు కింది కోర్టుకే వెనక్కి పంపారట, ఆ జడ్జే మళ్ళీ వింటుందట. గొంతులో సంతోషం కంటే బెరుకే ఎక్కువగా ఉంది.

"ఆంటీ, విచారణ రోజు మీరు మాత్రం కోర్టుకి రాకండి. మీ ముందు మళ్ళీ అవన్నీ అంటే..."

"వస్తాను. నీకు కనబడేలా కూర్చుంటాను. ఒక్క ముక్క దాచినా ఊరుకోను."

మళ్ళీ మొహమాటపడతాడేమోనని నాకు భయం వేసింది.

"నీ మర్యాద నేనేం చేసుకోను నాయనా, నువ్వు బతికుండాలి గానీ" అన్నాను.