ఒకటి, రెండు, ఏడు

మా అమ్మమ్మ నాగవ్వ రోజుకు ఎనిమిది వందల బీడీలు చుడుతుంది. ఇరవై అయిదింటికి ఒక కట్ట. కళ్ళు వీధిలో, నోరు పక్కింటివాళ్ళతో ఉన్నా వేళ్ళు మాత్రం లెక్క తప్పవు. ఒకసారి ఆమె చూడకుండా ఒక కట్టలోంచి బీడీ లాగాను. కట్టను అరచేతిలో ఒక్కసారి ఎగరేసి, "ఒకటి తక్కువున్నది. తీసిన చేతిని జెర్రి గరువ" అంది. వెంటనే తిరిగి పెట్టేశాను.

అలాంటి మనిషి, మొన్న ఇంటింటి సర్వేకు వచ్చిన వనిత మేడం ముందు లోకం తెలియనట్టు ముఖం పెట్టింది.

"మీ ఇంట్ల ఎంతమందున్నరవ్వా?"

"లెక్కలు నాకేమెరుక బిడ్డా. సదువుకోనిదాన్ని."

నాకు నవ్వు ఆగలేదు. మేడం మా అమ్మ వైపు తిరిగింది. మా అమ్మ పేరు జమున, నలభై దాటిన మనిషి. చెయ్యి కొంగుకు తుడుచుకుని వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, ఏడు..." అని నాలుక కరుచుకుని, చాయ్ పెడతానంటూ లోపలికి పారిపోయింది.

తొందరలో ఉంటే మా అమ్మ ఎప్పుడూ ఇంతే. రెండు తర్వాత ఏడు. కుక్కర్ మూడో కూత వెయ్యగానే "ఏడైనయ్" అని పొయ్యి బంద్ చేస్తుంది. అన్నం మాత్రం సరిగ్గానే ఉడుకుతుంది! మా వాడలో ఆమె ఈడువాళ్ళు ఇంకా కొందరు ఇలాగే లెక్కపెడతారు. మా వాడ నీళ్ళలోనే ఏదో ఉందనుకునేదాన్ని. నేను పదిలో లెక్కలు తప్పినప్పుడు కూడా ఆ నీళ్ళనే తిట్టుకున్నాను.

"అమ్మమ్మా, గీ ఏడు యాడిది? చెప్తవా, నీ తంబాకు డబ్బ దాసాల్నా?" అన్నాను.

ఆమె వనిత మేడం చేతిలోని పెన్ను వైపు చూసింది. "ముందుగాల దానికి మూత వెట్టమను. చెప్త."

మేడం నవ్వి మూత పెట్టింది. సర్వే ఆగిపోయింది.

ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. మాది రుద్రంగి దగ్గర, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. అడవిలోంచి అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవారు. వాళ్ళు వెళ్ళాక పోలీసులు వచ్చి, ఎవరు పెట్టారో చెప్పమనేవారు. ఇద్దరికీ కాదనే వీలు లేదు. ఇప్పుడు లేని మా తాత ఆ భయానికే కల్లు గీయడానికి తాళ్ళు ఎక్కడం మానేసి మహారాష్ట్రలో భివండి మగ్గాలకు పోయాడు. వాడలో సగం మంది మగవాళ్ళది అదే దారి. పెద్దవాళ్ళు నోరు విప్పకపోయేసరికి ప్రశ్నలు పిల్లల దగ్గరికి వచ్చాయి. పోలీసులూ అడిగేవారు, అన్నలూ అడిగేవారు.

పక్కింటి బుచ్చన్నకు లత అని ఆరేళ్ళ కూతురు ఉండేది. పోలీసు ఇచ్చిన బిస్కెట్ తింటూ, "ఇయ్యాల మా అవ్వ ఏడు కంచాలు కడిగింది" అని చెప్పింది. ఆ ఇంట్లో ఉండేది తల్లీ తండ్రీ తనూ, ముగ్గురే. బుచ్చన్నను జీపెక్కించి తీసుకుపోయారు. నాలుగు రోజులకు కుంటుకుంటూ వచ్చాడు. నెల తిరగకుండానే భార్యనూ బిడ్డనూ తీసుకుని భివండి బస్సెక్కాడు.

"బుచ్చన్న కాలు నయమైందని తర్వాత తెలిసింది" అంది అమ్మమ్మ. "లతనే మాట బందు వెట్టింది. బస్సు కాడ పిలిస్తే సుత నా మొఖం సూడలె. దాని మాటతోనే నాయిన కాలు ఇరిగిందనుకున్నది. గంత చిన్న పోరి గంత బరువు ఎట్ల మోస్తది?"

బస్సు వెళ్ళిన రోజే అమ్మమ్మ మా అరుగు మీద బడి పెట్టింది. వాడలో పిల్లలందరినీ కూర్చోబెట్టి కొత్త లెక్క నేర్పింది. ఒకటి, రెండు, ఏడు, పన్నెండు, మూడు. ఇలా చెప్పినవాళ్ళకు గుప్పెడు పుట్నాలు. సరిగ్గా చెప్పినవాళ్ళకు ఏమీ లేదు.

"తెల్వదని చెప్పుమంటే అయిపోతుండె గదా?" అని అడిగాను.

"తెల్వదంటే దాస్తున్నరని కోపమొస్తదే పిచ్చిదానా. తప్పు చెప్తే నవ్వొస్తది. పిల్లలను వదిలిపెట్టి పోతరు."

అందరూ నేర్చుకున్నారు. మా అమ్మతోనే చిక్కు వచ్చింది. బీడీల చాట పక్కనే పెరిగిన పిల్ల కాబట్టి అయిదేళ్ళకే ఇరవై అయిదు దాకా లెక్క వచ్చు. "తప్పు గదనే అవ్వా" అని ఏడ్చేది. పుట్నాలే వద్దు, మూడే అంటాను అనేది.

ఒకరోజు పొద్దున్నే జీపు వచ్చింది. అంతకు ముందు రోజు మా ఇంట్లో నలుగురు అన్నం తిని వెళ్ళారు. ఆఫీసరు బిస్కెట్ పుడా పట్టుకుని మా అమ్మ ముందు గొంతుకూర్చున్నాడు.

"నిన్న మీ ఇంటికి ఎంతమంది వచ్చారు పాపా?"

"నేను చాటల నుంచి తల ఎత్తలె" అంది అమ్మమ్మ. "ఎత్తితే నా మొఖం సూసి నిజం చెప్తదని బుగులు. 'ఒకటి, రెండు' అని ఆగింది. నా పానం ఆడనే ఆగింది. ఇగ 'ఏడు, పన్నెండు' అన్నది."

ఆఫీసరుకు అనుమానం వచ్చింది. వెనక ఉన్న ముగ్గురు కానిస్టేబుళ్ళను చూపించి, వీళ్ళెంతమంది అన్నాడు. పిల్ల వాళ్ళను బాగా చూసి, "ఒకటి, రెండు, ఏడు" అంది.

"సార్, ముగ్గురమొచ్చినం, ఏడుగురమైనం" అని ఒక కానిస్టేబుల్ నవ్వాడు. ఆఫీసరుకూ నవ్వొచ్చింది. బడికి పంపడం లేదా అని అమ్మమ్మను అడిగాడు.

"పంపుతున్న సారూ. దీని తలకాయల మట్టే ఉన్నది."

జీపు వెళ్ళిపోయింది. పిల్ల బిస్కెట్లు ముట్టలేదు. రెండు రోజులు అమ్మమ్మతో మాట్లాడలేదు.

"మట్టి అన్నవు గదా మరి."

అందరం తల తిప్పాం. మా అమ్మ చాయ్ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో.

"అనకపోతే వాడు నమ్ముతుండెనా?" అంది అమ్మమ్మ.

"నాకు తెల్వదా ముగ్గురని? నేను తప్పు చెప్పలేదే అవ్వా. నోటితోని నీ లెక్క చెప్పిన, చేతితోని నా లెక్క చెప్పిన." గ్లాసులు కింద పెట్టి, మడిచిన వేళ్ళు చూపించింది. "ముగ్గురికి మూడు మడిచిన. నలుగురికి నాలుగు మడిచిన."

అమ్మమ్మ చేతిలో బీడీ ఆకు చినిగిపోయింది. ఆ రోజు ఆఫీసరు పిల్ల నోరు చూశాడు గాని వేళ్ళు చూడలేదు. చాటలో తలపెట్టుకున్న అమ్మమ్మ కూడా చూడలేదు. అప్పుడు రావలసిన భయం ఆమెకు ఇప్పుడు వచ్చింది.

"వేళ్ళు మడిచినవా? వాని ముంగటనే?"

"నువ్వు నోటికే గదా నేర్పినవు."

"నీ మొఖం మండ" అని అమ్మ భుజం మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉంచింది.

వనిత మేడం మెల్లగా గొంతు సవరించుకుంది. "అవ్వా, మరి నేనేం రాసుకోవాలె?"

"గీ లెక్క ఎవలకిస్తవు?"

"సర్కారుకే అవ్వా. రేషన్ల కోసం, ఇండ్ల కోసం."

అమ్మమ్మ తల ఊపింది. "చెప్పు బిడ్డా" అంది మా అమ్మతో.

మా అమ్మ తొందరపడలేదు, ఒక్కో వేలే మడిచింది. "ఒకటి, రెండు, మూడు." ఆగింది. "నాలుగు. మా ఆయిన మస్కట్ల ఉన్నడు."

ఈసారి అమ్మమ్మ తల దించుకోలేదు. ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

"సరిగ్గున్నది" అంది. "మూత తీసి రాసుకో."