ఒక పూటలో పెరిగిన మంచు

కోవిల్‌పట్టిలో నేను పని చేసిన ఫోటో స్టూడియోలో ఎవరి మొహం మీదా మొటిమ మిగిలేది కాదు. స్టూడియోలకు కంప్యూటర్లు వచ్చిన కొత్త రోజులవి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోకుండా ఫోటోలకు టచింగ్ చెయ్యడం నేర్చుకున్నదాన్ని, ఆ గర్వం నెత్తికెక్కి ఉండేది. మొహాలు తెల్లబరచడం, మూసుకున్న కళ్లను వేరే ఫోటోలోంచి తెచ్చి తెరిపించడం నాకు చిటికెలో పని. చుట్టుపక్కల పెళ్లికూతుళ్లంతా ఆల్బంలలో అక్కచెల్లెళ్లలా కనిపించేవారంటే అది నా చలవే.

మా వీధి అక్క ఒకామె హిమాలయాల్లో మంచు మీద పరిశోధన చేసేది. విరుదునగర్‌లో ఒక బడిలో ప్రదర్శన పెడుతున్నానని రెండు నెగటివ్‌లు తెచ్చింది. రెండూ ఒకే బండ దగ్గర నిలబడి తీసినవి, మధ్యలో ఎనిమిదేళ్లు. ఎల్లుండే ప్రదర్శన, అది ముగియగానే మళ్ళీ కొండలకు పోవాలి, రేపటికి పెద్దవి చేసి ఇవ్వమంది.

మొదటి ఫోటోలో మంచు బండ దాకా వచ్చి మెరుస్తోంది. రెండోది చూస్తే నాకు ఒళ్లు మండింది. మంచు ఎక్కడో పైకి పోయింది, కిందంతా రాళ్లు, బురద, బూడిదరంగు నీళ్ల గుంట. అంత దూరం పోయి తెచ్చేది ఇదా? మన అక్క పరువు పదిమందిలో పోకూడదనుకున్నాను. మొదటి ఫోటోలోని మంచును ముక్కలు ముక్కలుగా తెచ్చి బురద మీద అతికించాను. గుంట పూడ్చాను. మిగిలిన రాళ్లను మొటిమల్లాగే తుడిచేశాను. ఎనిమిదేళ్లలో పోయిన మంచును మధ్యాహ్నం టీ వచ్చేలోపు తిరిగి పెట్టిన ఘనత నాది.

మర్నాడు అక్క వచ్చి ప్రింట్లు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. మెచ్చుకుంటుందని పళ్లికిలించుకుని నిలబడ్డాను.

"ఏమి చేసినావు పాపా ఇది?"

"బురదంతా తీసేసినాను అక్కా. ఇప్పుడు అళగుగా, అందంగా ఉండాది కదా?"

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. కాసేపటికి చూస్తే కళ్లు తుడుచుకుంటోంది, అది నవ్వు కాదు.

"ఆ బురద చూపించేదానికే కదా పాపా నేను అంత దూరం పోయింది. మంచు కరిగి పోతా ఉండాదని నోటితో చెప్తే ఎవరు నమ్ముతారు?" నా ప్రింటును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నిజంగా ఇట్లా తిరిగి వచ్చేసిందంటే ఎంత బాగుండు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. నెగటివ్‌ను మళ్ళీ స్కాన్ చేసి, ఒక్క రాయిని కూడా ముట్టుకోకుండా ప్రింటు తీశాను. చెయ్యి దురద పెడుతూనే ఉంది.

ప్రదర్శనకి నేనూ వెళ్ళాను. పుదూరు వైపు రైతు ఒకాయన రెండో ఫోటో ముందు ఆగి మొహం చిట్లించాడు.

"ఏమి పటం ఇది, అంతా బురద? ఎవరు చేసింది?"

"నేనే మామా. అక్కడ అట్లానే ఉండాది."

ఆయన మొదటి ఫోటో దగ్గరికి పోయాడు, మళ్ళీ దీని దగ్గరికి వచ్చాడు. రెండింటిలోనూ బండ మీద వేలు పెట్టి చూసుకున్నాడు. వానను నమ్మి విత్తనం వేసే మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"మంచి వాన ఒకటి పడితే, మన ఊరి కమ్మాయి చెరువులో నీళ్ల మాదిరి ఇది కూడా మళ్ళీ నిండిపోతుంది కదమ్మా?"

నిండుతుందనే చెప్పబోయాను. ఆ మొహం చూస్తే అదే చెప్పాలనిపించింది.

"లేదు మామా," అన్నాను.