అలావా మేస్త్రీ విన్న గదులు

అలావా మేస్త్రీ కొట్టు కోసం అద్దెకు గది చూడ్డానికి వెళ్లి ఏనాడూ గదిని చూసిన పాపాన పోలేదు. ఆయన గదిని వినేవాడు. తాళం తియ్యగానే సంచిలోంచి ఒక చిన్న రాగి పళ్లెం, ఒక సుత్తి బయటికి తీసి, గది నడిమధ్య గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని సరిగ్గా నలభై దెబ్బలు కొట్టేవాడు. తరవాత లేచి, పక్కింటి తలుపు తట్టి, మంచినీళ్లు అడిగి తాగి వచ్చి తీర్పు చెప్పేవాడు. దాని మీద అప్పీలు లేదు.

"ఈ గదికి జలుబు చేసింది."

జలుబు కాకపోతే, ముక్కుతో పాడుతోందనేవాడు. అదీ కాకపోతే గదికి నత్తి. కాన్‌స్టాంటైన్ పాత ఊళ్లో ఇళ్లూ కొట్లూ కుదిర్చిపెట్టే జుబీర్‌కి ఈ జబ్బులన్నీ కంఠతా వచ్చేశాయి. ఎనిమిది నెలల్లో ఇరవై మూడు గదులు చూపించాడు మరి. పద్దెనిమిదింటి అద్దె మేస్త్రీ తాహతుకు ఆమడ దూరంలో ఉంది. వాటినీ ఆయన వదలకుండా విన్నాడు.

"ఇచ్చుకోలేని గదిని వినడం దేనికి బాబాయ్?"

"నలభై దెబ్బలైనా ఒక కప్పు కింద కొట్టుకోనియ్యరా. నీ సొమ్మేం పోయింది?"

పోయింది పరువు. మఖ్లూఫ్ అనే పెద్దమనిషి తన గదికి జలుబని విని రెండుసార్లు గోడలకి సున్నం వేయించాడు. "మా నాన్న కట్టించిన గది! దానికి జలుబేమిటయ్యా?" అని నడివీధిలో జుబీర్ చొక్కా పట్టుకున్నాడు. రెండో సున్నం తరవాత కూడా మేస్త్రీ వెళ్లి, విని, పక్కింట్లో నీళ్లు తాగి వచ్చి, జలుబు తగ్గలేదని విచారం వెలిబుచ్చాడు.

మేస్త్రీ ముప్పయ్యారేళ్లు రాగిపనివాళ్ల సందులో ఒకే కొట్లో కూర్చుని పనిచేశాడు. నిరుడు యజమాని చనిపోతే, కొడుకు అందులో ఫోన్లకి తొడుగులు అమ్మడం మొదలుపెట్టాడు. పనిముట్లు చెల్లెలి ఇంటి మెట్ల కిందికి చేరాయి. రాగిని పెట్టి కొట్టే దాగలి మీద బావగారు కాలు ఆనించి బూట్లకి తాళ్లు కట్టుకుంటున్నాడు. పని పోయిన సంగతి మేస్త్రీకి తెలుసుగానీ ఆయన చేతులకి తెలియలేదు. కాఫీ బల్ల మీద, బస్సు సీటు మీద, పక్కవాడి భుజం మీద అవి కొడుతూనే ఉండేవి. కాఫీ కొట్టువాడు రెండు గాజుగ్లాసులు పోయాక ఆయనకి ప్లాస్టిక్ గ్లాసు కేటాయించాడు.

ఇంతలో నారింజ పూలకాలం వచ్చిపడింది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పూలు మరిగించి ఆవిరి దించే రాగి బట్టీ అటక మీంచి దిగింది. ఏడాదికి సరిపడా పూలనీళ్లు ఈ నెల్లోనే తీసుకోవాలి. కారే బట్టీలు పట్టుకుని ఆడవాళ్లు మేస్త్రీ చెల్లెలి గుమ్మానికి వచ్చేవాళ్లు. ఆయన బట్టీని వెలుగుకెత్తి, అతుకు మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చి, జ్వరం చూసినట్టు కాసేపు అరచెయ్యి ఆనించి, తిరిగి ఇచ్చేసేవాడు.

"కొట్టు కుదరగానే తీసుకురా తల్లీ."

"అప్పటిదాకా పూలు ఆగుతాయా మేస్త్రీ?"

పూలే కాదు, బావగారూ ఆగేట్టు లేడు. పూలకాలం వెళ్లేలోగా కొట్టు కుదరకపోతే దాగలితో సహా అన్నీ పాత ఇనుము వాడికి వేసేస్తానని భోజనాల దగ్గర, అందరూ వినేట్టు చెప్పాడు. మేస్త్రీ ఆ పూట రొట్టె ముట్టకుండా లేచిపోయాడు.

ఇరవైనాలుగో గదిని జుబీర్ చెప్పులరిగేలా తిరిగి పట్టాడు. అదీ మఖ్లూఫ్‌దే, వేరే సందులో. మూతపడ్డ చెప్పుల కొట్టు. రాతి నేల, కొలిమికి పొగగొట్టం, పెద్ద బట్టీ పట్టే తలుపు, మేస్త్రీ ఇచ్చుకోగల అద్దె. మేస్త్రీ కూర్చుని కొట్టడం మొదలెట్టాడు. నలభై అయింది. సుత్తి ఆగలేదు. యాభై, అరవై. మూసిన కళ్ల కింద మొహం విచ్చుకోవడం జుబీర్ కళ్లారా చూశాడు.

"కాగితం తెండి మఖ్లూఫ్ గారూ. కుదిరింది!" అన్నాడు జుబీర్.

మేస్త్రీ నీళ్లకి పక్కింటికి వెళ్లాడు. వచ్చేసరికి మొహం మారిపోయింది.

"గది గొంతు బొంగురుగా ఉంది," అన్నాడు. అప్పుడు బొంగురుగా ఉన్నది ఆయన గొంతే. పళ్లెం సంచిలో పడేసి వంతెన వైపు నడిచాడు.

"గొంతుకేమైంది? సున్నం వేయించనా?" అన్నాడు మఖ్లూఫ్ దీనంగా.

జుబీర్ తిట్టాల్సినవన్నీ తిట్టేసరికి నోరెండిపోయింది. తానూ పక్కింటి తలుపే తట్టాడు. ఎనభై దాటిన ముసలావిడ కర్ర ఊతగా వచ్చి తలుపు తీసింది. పేరు లల్లా హద్దా.

"నీళ్లా? ఇవాళ ఈ వీధికంతా నా ఇల్లే దొరికిందా? ఇందాకటి వాడు గ్లాసు పూర్తిగా తాగనైనా లేదు. మంచం ఏ గోడకి వేసుకుంటావవ్వా అన్నాడు. చూపించాను. నిద్ర పడుతుందా అన్నాడు. పదకొండేళ్లయింది నాయనా కంటిమీద కునుకు లేక అన్నాను. ఇంకా చెప్పబోతున్నా, లేచిపోయాడు!"

జుబీర్ గ్లాసు కింద పెట్టి, చూపించిన గదులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. జలుబు చేసిన గది పక్కింట్లో పసికందు ఉంది. ముక్కుతో పాడిన గది గోడవతల ఆసుపత్రిలో రాత్రి పని చేసి పగలు పడుకునే నర్సు. నత్తి గది పక్కన పెద్ద పరీక్షకి చదువుతున్న అమ్మాయి. తలుపు తీసినవాళ్లందరినీ అతనూ చూశాడు. మేస్త్రీకి దాహం ఎక్కువనుకున్నాడంతే. చక్కెర పరీక్ష చేయించుకోమని సలహా కూడా ఇచ్చాడు.

వంతెన మీద మేస్త్రీని పట్టుకున్నాడు. ఆయన చేతులు ఇనుప కమ్మీల మీద కొడుతూనే ఉన్నాయి.

"ఆ మాట ఎప్పుడో చెప్పొచ్చు కదా బాబాయ్! గదుల్ని తిట్టడం ఎందుకు?"

"నీ బిడ్డ నిద్ర వల్ల నా కొట్టు పోయిందని ఒకరి గుమ్మంలో నిలబడి చెప్పమంటావా? గోడనంటే గోడ బాధపడదు. పైగా మఖ్లూఫ్‌కి తెలిస్తే ఆ ముసలావిడనే ఖాళీ చేయిస్తాడు." సంచిలోని పళ్లెం తడుముకున్నాడు. "మంచి గదిరా. రాగి ఎంత తియ్యగా పలికిందో!"

"ఆవిడ మాట పూర్తిగా విన్నావా?"

"వినేదేముంది?"

"గదికైతే అరవై దెబ్బలు, మనిషికైతే రెండు మాటలూనా? పద!"

లల్లా హద్దా గుమ్మంలోనే కాచుకుని ఉంది. మేస్త్రీనీ, ఆయన సంచిలోంచి తొంగిచూస్తున్న సుత్తినీ చూడగానే కర్ర ఎత్తింది.

"నువ్వేనా కొట్టింది? నేను కాపురానికొచ్చిన నాటినుంచీ ఈ గోడవతల రాగిపనివాళ్లే. ఆ మోతలోనే ఆరుగురు పిల్లల్ని నిద్రపుచ్చాను, నేనూ పడుకున్నాను. చెప్పుల కొట్టు వచ్చింది, నా నిద్ర పోయింది. ఇవాళ నువ్వు కొడుతుంటే పదకొండేళ్ల తరవాత కన్ను మూతబడింది. ఠక్కున ఆపేశావు! సరే, నిద్ర నిలిచింది కదా అనుకుంటే, తలుపు దబదబా బాది లేపావు. దేనికీ? నీళ్లకి!"

ముప్పయ్యారేళ్ల వృత్తిలో అలావా మేస్త్రీ వల్ల చెదిరిన మొట్టమొదటి నిద్ర అది. చెదరగొట్టింది సుత్తి కాదు, ఆయన మర్యాద.

"తప్పయిందవ్వా," అన్నాడు, తల వంచుకుని.

మర్నాడు దాగలి మెట్ల కిందినుంచి లేచింది. మూడోనాటికి చెప్పుల కొట్లో పదకొండు బట్టీలు వరసలో ఉన్నాయి, సందంతా నారింజపూల వాసన. మధ్యాహ్నం జుబీర్ కాఫీ పట్టుకుని వెళ్లేసరికి మేస్త్రీ ఒక బట్టీ అడుగును వీధి చివరిదాకా వినబడేలా మోగిస్తున్నాడు.

"బాబాయ్, కాఫీ!" అని అరిచాడు జుబీర్.

మేస్త్రీ ఉలిక్కిపడి, సుత్తి ఆపకుండానే, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"మెల్లిగా మాట్లాడరా! పక్కింట్లో ఆవిడ నిద్రపోతోంది."