రెండో డిస్కులో పది నిమిషాలు

నా స్నేహితుడికి మిగిలిన ఒకే ఒక్క ఓదార్పును నేను పాడుచేశాను. కావాలని చేయలేదు. కోపంతో చేసి ఉంటే క్షమాపణ అడగడం తేలికయ్యేదేమో. నా తెలివి చూపించుకోవడానికి చేశాను. యాభై దాటినవాడు చేయాల్సిన పని కాదు.

మేమిద్దరం వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాడిది జనగామ, నాది తెనాలి. గదిలో ఒక టేప్ రికార్డరు, ఎవరో సీనియర్ వదిలేసి వెళ్ళిన ఒక బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్యాసెట్టు ఉండేవి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయినా టేపు అరిగిపోయేదాకా విన్నాం. ఇప్పుడు మెల్‌బోర్న్ శివార్లలో నేను టార్నీట్‌లో, వాడు పక్కనే ట్రుగనీనాలో ఉంటున్నాం. ఇద్దరికీ జుట్టు పోయింది గానీ ఆ బ్యాండ్ పిచ్చి పోలేదు.

వాళ్ళ కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడల్లా మాకొక పద్ధతి ఉండేది. శుక్రవారం వాడు సిటీలో ఆఫీసు పక్కనున్న షాపులో సీడీ కొనేవాడు. లండన్ నిద్ర లేవకముందే అది మా చేతిలో ఉంటుందని మాకో వెర్రి గర్వం. శనివారం పొద్దున్నే వాడి పాత కారులో, నగరానికి ఆ కొసనున్న కేరమ్ డౌన్స్ గుడికి బయలుదేరేవాళ్ళం. దారంతా ఆల్బమ్ వినాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర ముందు కూర్చున్నాకే తీర్పు చెప్పాలి. అప్పటిదాకా ఎవరి రివ్యూలూ చదవకూడదు. ఈ నియమాలన్నీ వాడివే. మా ఆవిడ మాత్రం, "మీ దేవుడు డ్రమ్స్ వాయిస్తాడా?" అని నవ్వేది.

నేను చెప్పబోయే ఆల్బమ్ వచ్చేనాటికి వాడి భార్య సంవత్సరీకం అయి పది రోజులైంది. నేను ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. చివరి రెండు నెలలు ఆమె ఇంట్లోనే, ముందు గదిలో మంచం మీద, ఆక్సిజన్ మిషన్‌తో గడిపింది. ఆమె పోయాక ఆ ఏడాదంతా వాడు ఒక్క పాట విన్నట్టు నాకు తెలియదు. ఫోన్ చేస్తే, ఆ, ఊ, అనేవాడు. అలాంటివాడు శుక్రవారం మధ్యాహ్నం తనే ఫోన్ చేశాడు.

"కొన్నరా. రెండు డిస్కులు. రేపు పోదామా గుడికి?"

ఆ గొంతులో ఏడాది తరవాత కాస్త ప్రాణం వినిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు మళ్ళీ మనుషుల్లో పడుతున్నాడనుకున్నాను. అనుకుని, ఫోన్ పెట్టేసి, గంట తిరక్కుండా రివ్యూలు చదవడానికి కూర్చున్నాను.

ఎందుకు చదివానో చెప్పాలి. ఆ బ్యాండ్ అభిమానుల సైట్ ఒకటుంది. అందులో నేనొక పెద్దమనిషిని. నా రివ్యూ కోసం ఎక్కడెక్కడి వాళ్ళో ఎదురుచూస్తుంటారని నా నమ్మకం. అందరికంటే ముందు రాయాలి, అందరికంటే ఘాటుగా రాయాలి అని నాకొక దురద. పైగా ఆ ఆల్బమ్ మామూలుది కాదు. గంటన్నర నిడివి, ఆర్కెస్ట్రా, చర్చి గాయకుల బృందం, మొదటినుంచి చివరిదాకా ఒకే కథ: సముద్రంలో పోయిన భార్య కోసం దీపం వెలిగిస్తూ కూర్చున్న ఒక లైట్‌హౌస్ కాపలాదారు. రెండో డిస్కులో ఒక్క పాటే ఇరవై రెండు నిమిషాలు. దాని నడుమ పది నిమిషాల పాటు మాట లేదు, డ్రమ్ లేదు. ఒక హార్మోనియం ఊపిరి తీసి వదులుతున్నట్టు సాగుతుంది, అంతే.

విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. ఒక లండన్ పత్రికాయన అయిదింటికి రెండు చుక్కలు విదిలించి, ముసలివాళ్ళ ఆడంబరం అన్నాడు. ఆ పది నిమిషాల్లో టీ పెట్టుకుని, తాగి, కప్పు కడుక్కుని రావచ్చన్నాడు. నేను గట్టిగా నవ్వాను. ఆ వాక్యం నాదైతే ఎంత బాగుండునో అనుకున్నాను.

మర్నాడు సన్నగా వాన. వెస్ట్‌గేట్ బ్రిడ్జి దాటేటప్పటికి మొదటి డిస్కు సగమైంది. వాడు వింటున్నాడు. నేను మనసులో రివ్యూ రాసుకుంటున్నాను. ఆ పది నిమిషాలు వచ్చేసరికి గుడి పార్కింగ్‌లో ఉన్నాం. వాడు ఇంజన్ ఆపాడు గానీ పాట ఆపలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను అద్దంలోంచి గొడుగులు విప్పుకుంటున్న కుటుంబాలను చూస్తూ, ఎప్పుడైపోతుందా అని వాచీ చూసుకున్నాను.

క్యాంటీన్‌లో కూర్చున్నాక వాడే మొదలుపెట్టాడు. "రెండో డిస్కుల, ఆ నడిమిట్ల..." అని, మాట కోసం వెతుక్కుంటూ ఆగాడు.

"ఆ పది నిమిషాలేగా?" అని అందుకున్నాను. "టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించి రావచ్చురా." పక్క టేబుల్‌వాళ్ళు తిరిగి చూసేటంతగా నవ్వాను.

వాడూ కొంచెం నవ్వాడు. "అంతేనంటవా?"

"ఆనెస్టుగా చెప్తున్నా, వాళ్ళ పని అయిపోయింది."

వాడు మెతుకు మిగల్చకుండా పులిహోర తిని, చేయి కడుక్కొచ్చాడు. తిరుగుదారిలో సీడీ పెట్టలేదు. వాన ఎక్కువైందని, రోడ్డు కనబడటం లేదని నేనే ఏదో వాగాను.

ఆదివారం నా రివ్యూ సైట్‌లో పెట్టాను. టీ కప్పుతోనే మొదలుపెట్టాను. అభిమానులు రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. మహాకావ్యం అని కొందరు, నమ్మకద్రోహం అని కొందరు. ఒకామె దాన్ని తన తండ్రి మంచం పక్కన కూర్చుని విన్నానని రాసింది. పాపం ఆయన్ని అడిగే పెట్టారా అని నేను జవాబిచ్చాను. దానికీ మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బుధవారం నా స్నేహితుడి నుంచి మెసేజ్ వచ్చింది. లండన్ పత్రిక రివ్యూ లింకు. కింద ఒక్క మాట కూడా లేదు. నియమం ప్రకారం వాడు ఆల్బమ్ విన్న తరవాతే చదివాడు. నా హాస్యం ఎక్కడి సరుకో వాడికి తెలిసిపోయింది. పెద్ద జవాబు రాసి, చెరిపేశాను. ఆ తరవాత వాడికి ప్రతి శనివారం ఏదో ఒక పని ఉండేది. ఒకసారి మోకాలు నొప్పి అన్నాడు, ఒకసారి ప్లంబర్ వస్తున్నాడన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు.

కొన్ని నెలలకు గాలి మారింది. ఏడాది చివర్లో అదే పత్రిక ఆ ఆల్బమ్‌ను మేలైనవాటి జాబితాలో చేర్చింది. తొందరపడ్డానని ఆ విమర్శకుడే రాసుకున్నాడు. సైట్‌లో నా రివ్యూను నెత్తిన పెట్టుకున్నవాళ్ళు కూడా, నాలుగైదుసార్లు వింటే గానీ అర్థం కాదని పాఠాలు చెప్పసాగారు. ఇక ఎవరి చెవులతో వినాలో తెలియని స్థితిలో నేను మిగిలాను.

ఒక శుక్రవారం పని నుంచి ఇంటికి వస్తూ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఏ కారూ కదలడం లేదు. ఊరికే ఆ పాట పెట్టాను. హార్మోనియం మొదలైన రెండో నిమిషంలో ఆ చప్పుడు నాకు తెలుసనిపించింది. లోపలికి ఒక గుంజు, చిన్న విరామం, బయటికి ఒక నిట్టూర్పు. మళ్ళీ అదే. వాళ్ళ ముందు గది. చెల్లెమ్మ మంచం. మిషన్ పక్కన, చేయడానికేమీ లేక ఆమె చేయి పట్టుకుని కూర్చున్న నా స్నేహితుడు. చూడటానికి వెళ్ళినప్పుడల్లా నేను విన్న చప్పుడే అది. ఎలాగో ముందున్న ఎగ్జిట్‌లో దిగి, ఒక వేర్‌హౌస్ గోడ పక్కన కారు ఆపుకుని ఏడ్చాను. అక్కణ్ణించి తిన్నగా వాడింటికి వెళ్ళాను.

వాడు తలుపు తీసి, "రా, కూసో," అని టీ పెట్టి తెచ్చాడు. నేను కప్పు ముట్టుకోకుండానే చెప్పేశాను. "ఇవాళే విన్నాన్రా. ఆ రోజు నేను వినలేదు. ముందే రివ్యూలు చదివేసి వచ్చాను."

"ఎరుకే."

"ఆ మిషన్ చప్పుడే కదరా అది?"

వాడు తల ఊపాడు. "ఆ దినం కార్ల, ఆమె ఎన్క సీట్ల కూసున్నట్టే అనిపిచ్చిందిరా. ఏడాదిల అట్ల అనిపిచ్చుడు అదే మొదలు. నీకు చెప్దామనే క్యాంటీన్ల నోరు తెరిచిన."

"రేపు శనివారమే కదా. కలిసి విందాం. ఈసారి నేను నోరెత్తను."

"వద్దురా. నువ్వేమో ఇప్పుడు విన్నవు. నేను మస్తుసార్లు పెట్టి చూసిన. ఆ నడిమిట్లకు రాంగనే ఆమె రాదు. నీ టీ కప్పు యాదికొస్తది, నీ నవ్వు యాదికొస్తది. బంద్ చేసి పెట్టిన."

ఆ మాట ఏ కోపమూ లేకుండా చెప్పాడు. కోప్పడి ఉంటే నేను బతిమాలుకునేవాణ్ణి. ఇద్దరం చాలాసేపు ఆ ముందు గదిలో కూర్చున్నాం. మంచం ఉండే చోట ఇప్పుడు బట్టలారేసుకునే స్టాండు ఉంది.

టీ చల్లారిపోయింది. ఒక్క గుక్కలో తాగేశాను. ఇంకేం చేయాలో తోచక లేచి, సింకు దగ్గరికి వెళ్ళి కప్పు కడిగాను. దాన్ని బోర్లించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే వాడు కప్పు వైపే చూస్తున్నాడు.